మెట్టు మీద రంగు



వానలు వెనకబట్టాయి. పండగ దగ్గరికొస్తోంది. మీలో చాలామంది ఇళ్ళకు రంగులు వేయించే ఆలోచనలో ఉంటారు. "అయ్యగారూ, సిమెంటు గోడకు ఏ రంగు మంచిది, మెట్లకు ఏది వెయ్యాలి" అని ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. పాస్టరును ఈ ప్రశ్న అడగడమేమిటని మీకు అనిపించవచ్చు. నిరుడు మా ఇంటి మెట్లకు నేను వేయించిన రంగు సంగతి మా ఊరంతటికీ తెలుసు కాబట్టి అడిగారు. దూరాన ఉండి చదివే మీకు తెలియదు. అందుకని మొదటి నుంచి చెబుతాను. ఇందులో రంగుల సంగతి ఉంది, నా తప్పు కూడా ఉంది. ఒకటి చెప్పకుండా రెండోది చెప్పలేను.

మాది గోదావరి డెల్టాలో కాలువ గట్టు పక్క ఊరు. నాలుగడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. మందిరం పక్కనే మేముండే ఇల్లు. రెండు గదులు, ముందు వసారా, వసారా నుంచి వాకిట్లోకి నాలుగు సిమెంటు మెట్లు. పాత మెట్లు పగిలిపోతే నిరుడు మళ్ళీ కట్టించాం. పైపూత పూర్తయ్యేసరికి డిసెంబరు మొదటి వారం వచ్చేసింది.

రంగుల మేస్త్రి మా సంఘస్థుడే. వెనక వరసలో గోడ వారన కూర్చుంటాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని. చేతి గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు కనిపిస్తుంది. మందిరానికీ ఇంటికీ అతనే రంగులు వేశాడు. అన్నీ అయ్యాక మెట్లు మిగిలాయి. తలుపులకు, కిటికీ ఊచలకు తెచ్చిన మెరూన్ ఎనామిల్ డబ్బాలో సగం పైనే మిగిలి ఉంది. "మేస్త్రీ, ఇది మెట్లకు వేసెయ్యి. పండక్కి నిగనిగలాడతాయి" అన్నాను.

అతను వంగి మెట్టు మీద అరచెయ్యి ఆనించాడు. "వద్దండయ్యగారూ. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉందండి. నెల తిరగాలండి. అయినా ఇది చెక్కకీ ఇనుముకీ వేసేదండి. మెట్టుకేస్తే జారుద్దండి" అన్నాడు.

"పండక్కి పది ఊళ్ళ నుంచి వస్తారు. బోసి మెట్లు ఏం బాగుంటాయి? నువ్వు వెయ్యి, నేను చూసుకుంటాను" అన్నాను.

అతను మరో మాట అనలేదు. వేశాడు. క్రిస్మస్ నాడు మెట్లు అద్దంలా మెరిశాయి. వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. నేను సంతోషపడ్డాను. డబ్బా వృథా కాలేదు కదా అని కూడా అనుకున్నాను.

పండగ వెళ్ళిన మూడోనాడు తెల్లవారుజామున అమ్మ వాకిలి ఊడవడానికి దిగింది. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. చెప్పులు లేవు. మా వైపు ఆ రోజుల్లో మంచు బాగా కురుస్తుంది. గరుకు సిమెంటైతే ఆ తడిని కాస్త పీల్చుకుంటుంది, కాలికి పట్టు కూడా ఉంటుంది. ఎనామిల్ పీల్చుకోదు. మంచంతా పలచటి నీటి పొరలా దాని మీదే నిలిచింది. రెండో మెట్టు మీద అమ్మ కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. పట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాం.

సంఘస్థులు ఆసుపత్రికి వచ్చారు, ప్రార్థన చేశారు, చేతనైన సాయం చేశారు. వరండాలో కూర్చున్నప్పుడు ఒకాయన అన్నాడు, "ముప్పై ఏళ్ళ నుంచి రంగులేస్తున్నాడు, మెట్లకు ఏ రంగు వెయ్యాలో ఆమాత్రం తెలీదా?" ఇంకొకరు ఔనన్నారు. మరొకరు అతని పనిలో ఇంకేవో లోపాలు ఎంచారు. నేను అక్కడే ఉన్నాను. "అతను వద్దన్నాడు, నేనే వేయించాను" అంటే సరిపోయేది. నేను ఆ మాట అనలేదు. "అంతా ప్రభువు చిత్తం, ఏం చేస్తాం" అన్నాను. వాళ్ళకు అది భక్తి గల మాటలా వినిపించింది. నాకు మాత్రం నేనేం దాస్తున్నానో తెలుసు.

జనవరిలో అతను మందిరానికి రావడం మానేశాడు. గోడ వారన ఆ చోటు ఖాళీగా ఉండడం పుల్పిట్ దగ్గర నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. మా వీధిలో రెండిళ్ళవాళ్ళు తమ రంగుల పని అతనికి ఇద్దామనుకుని వేరే వాళ్ళకు ఇచ్చారని కూడా తెలిసింది. అమ్మ మంచాన ఉంది, నాకు తీరిక లేదని సర్దిచెప్పుకున్నాను.

ఫిబ్రవరికి అమ్మ వాకర్ పట్టుకుని వసారా దాకా రాగలిగింది. అప్పటికి మెట్ల మీద రంగు బొబ్బలు తేలి పొరలుగా లేస్తోంది. ఒక సాయంత్రం అమ్మ దాన్ని చూస్తూ, "ఆ రంగులబ్బాయి మందిరానికి రావట్లేదేంరా? వద్దన్నాడుగా పాపం. గదిలోంచి నేను విన్నాను" అంది.

రెండు నెలలుగా ఆమెకు తెలుసు. నొప్పి పడుతూ కూడా నన్ను ఒక్క మాట అనలేదు. నేనే చెబుతానని చూసినట్టుంది.

ఆ రాత్రి నాకు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం గుర్తుకొచ్చింది. గృహప్రతిష్ఠలకు పిలిచినప్పుడు నేను తరచూ చదివే వాక్యమే. కొత్త ఇల్లు కట్టేవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే దాని మీద నుంచి ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుందని అందులో ఉంది. ఆ దేశంలో ఇళ్ళ కప్పులు బల్లపరుపుగా ఉండేవి. కప్పు మీద రాహాబు జనుపకట్టె ఆరబెట్టింది, యొప్పేలో పేతురు ప్రార్థన చేసుకున్నాడు. మనుషులు మసలే చోటు కాబట్టి పడకుండా అడ్డు కట్టమన్నాడు దేవుడు. ఇల్లు చూడడానికి ఎలా ఉండాలో ఆ వచనంలో లేదు. ఆ ఇంట్లో ఎవరూ పడకూడదని ఉంది. పడితే ఎవరిని అడుగుతారో కూడా ఉంది. ఇంటివాణ్ణే అడుగుతారు. కూలికి వచ్చినవాణ్ణి కాదు. ఇరవై ఏళ్ళుగా ఆ వాక్యాన్ని మేడలున్నవాళ్ళ ఇళ్ళలో చదివాను. మా మెట్లకు కూడా అది వర్తిస్తుందని అనుకోలేదు.

మర్నాడు అతని ఇంటికి వెళ్ళాను. అతని భార్య కుర్చీ వేసి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళింది. "నువ్వు వద్దన్నావు. నేనే పట్టుబట్టి వేయించాను. నలుగురూ నిన్ను అంటుంటే ఊరుకున్నాను. నన్ను క్షమించు" అన్నాను.

చాలాసేపు అతను నేల చూస్తూ ఉన్నాడు. "మీరు చెప్తారనుకున్నానండి. రెండాదివారాలు చూశానండి. ఆ తర్వాత రాబుద్ధి కాలేదండి" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ ఆదివారం వాక్యం మొదలుపెట్టకముందే సంఘం ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన "ఇవన్నీ అందరిలో చెప్పుకోవాలా అయ్యగారూ" అన్నాడు. అతన్ని నిందించింది అందరిలోనే కదా అన్నాను. పోయిన రెండిళ్ళ పని తిరిగి రాలేదు. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన అవతలివాడికి జరిగిన నష్టం తీరిపోదని అప్పుడు తెలిసింది.

తరువాతి వారం అతనే వచ్చి మెట్ల ముందు నిలబడ్డాడు. "ఇది గీకెయ్యాలండి" అన్నాడు. నేనూ ఒక గరిట అందుకుని పక్కన కూర్చున్నాను. ఆ నాలుగు రోజుల్లో అతని దగ్గర నేర్చుకున్నదే మీకు రాస్తున్నాను. రంగులు వేయించబోయేవారికి పనికొస్తుంది.

గీకుతుంటే కొన్ని చోట్ల ఎనామిల్ అడుగున జిగటగా వచ్చింది. కారణం ఇది. కొత్త సిమెంటులో క్షారం బాగా ఘాటుగా ఉంటుంది. ఎనామిల్ నూనె రంగు. నూనె, క్షారం కలిస్తే సబ్బు అవుతుంది, సబ్బు తయారయ్యేదే అలా. తడి సిమెంటు మీద నూనె రంగు పొర కింద కూడా అదే జరుగుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, కింద పట్టు వదిలేస్తుంది. అందుకే కొత్త సిమెంటు పనికి కనీసం 28 రోజులు ఆగి, బాగా ఆరాక రంగు వెయ్యాలంటారు. తడి ఉండే చోట, మబ్బు రోజుల్లో ఇంకా ఎక్కువ ఆగాలి.

పాత రంగు గీకేటప్పుడు ఒక జాగ్రత్త. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. మన దేశంలో 2016లో నియమాలు వచ్చాయి. 2017 నవంబరు నుంచి ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90కి మించకూడదు. అంతకుముందు వేసిన రంగును పొడిగా రుద్దితే ఆ దుమ్ము పిల్లలకు ప్రమాదం. తడిపి గీకండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పెచ్చులు ఊడ్చి మూటగట్టి దూరంగా పారెయ్యండి. పాచి పట్టిన చోట బ్లీచింగ్ పౌడరు నీళ్ళతో రుద్ది కడగవచ్చు. కానీ బ్లీచింగ్‌ను యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇక ఏ చోటుకు ఏ రంగు అన్న విషయం. మేస్త్రి పద్ధతి ఇది. కొట్లో రంగుల కార్డు చూడకముందు మూడు సంగతులు చూసుకోవాలంటాడు. ఇక్కడికి నీరు ఎక్కణ్ణుంచి వస్తోంది? దీని మీద ఎవరు నడుస్తారు? ఎండ ఎంత పడుతుంది?

నీటి సంగతి తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ప్లాస్టిక్ కాగితాన్ని సిమెంటు మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించండి. సాయంత్రం అంటించి మర్నాడు మధ్యాహ్నం తియ్యండి. కాగితం అడుగున నీటి బొట్లున్నా, ఆ చోట సిమెంటు నల్లబడినా లోపల తడి ఉన్నట్టే. ఇంకొకటి, సిమెంటు మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లండి. పీల్చుకుంటే రంగు పడుతుంది. ముత్యాల్లా నిలిస్తే అక్కడ నూనో మైనమో ఉన్నట్టు. ముందు దాన్ని శుభ్రం చెయ్యాలి.

మా పడకగది వెనక గోడకు ఏటా అడుగు భాగంలో తెల్లటి ఉప్పు పూసేది. ఏటా దాని మీద రంగు వేయించేవాణ్ణి. నేలలో నీరు గోడలోకి ఎక్కుతుంది, ఎక్కేటప్పుడు ఉప్పు తెస్తుంది, నీరు ఆరాక ఉప్పు మిగిలి రంగును వెనక నుంచి తోస్తుంది. అలాంటి గోడకు లోపలి వైపు నీరు దూరని రంగు వేస్తే నీరు ఆగదు, ఇంకా పైకి ఎక్కి మరోచోట తేలుతుంది. మేస్త్రి ముందు గోడ బయట చూశాడు. స్నానాల గది నీళ్ళు పోయే కాలవ పగిలి గోడ మొదట్లోనే ఇంకుతోంది. కాలవ బాగుచేయించి, ఉప్పు పట్టిన పూత చెక్కించి, గోడ ఆరనిచ్చి, కొత్త పూత పూసి, దాని మీద సున్నం వేశాడు. సున్నం చవక అని చిన్నచూపు చూస్తాం. కానీ అది తడిని లోపల బంధించదు, బయటికి ఆరనిస్తుంది. గాలి తగిలి మెల్లగా రాయిలా గట్టిపడుతుంది. ఒకసారి మందంగా వేస్తే పెచ్చులు ఊడుతుంది కాబట్టి రెండు మూడు సార్లు పలచగా వెయ్యాలి.

ఆ గోడ చెక్కుతున్నప్పుడు లేవీయకాండము 14వ అధ్యాయం గుర్తొచ్చింది. ఇంటి గోడ మీద పచ్చని, ఎర్రని చారలు కనిపిస్తే యాజకుడు వచ్చి చూడాలి, ఏడు రోజులు ఇల్లు మూయించాలి, మచ్చ పాకితే ఆ రాళ్ళు తీయించి, గోడ గీయించి, కొత్త అడుసు పూయించాలి. మచ్చ మీదే పూత వెయ్యమని అక్కడ ఎక్కడా లేదు. ముందు చూడడం, ఆగడం, తీసెయ్యడం. పూత చివరి పని.

ప్రహరీ గోడ లాంటి గరుకు సిమెంటుకు సిమెంటు పెయింటు చాలు. పొడి రూపంలో దొరుకుతుంది. గోడ తడిపి వెయ్యాలి. కలిపింది గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. వేశాక మర్నాడు నీళ్ళు చిలకరించాలి, లేకపోతే పొడిలా రాలుతుంది. పాత సున్నం మీద నేరుగా ఏ రంగూ నిలవదు, సున్నం గీకించాకే వెయ్యాలి. ఇంటి బయటి గోడలకు ఎండా వానా తట్టుకునేది బయటి గోడల కోసమే చేసే ఎమల్షన్. ముందు ప్రైమరు, పైన రెండు పూతలు. లోపల వేసే డిస్టెంపరు చవకని బయట వేస్తే ఒక్క వానాకాలానికి కరిగిపోతుంది. మేడ కప్పుకు తెల్లరంగు వేస్తే ఎండను తిప్పికొడుతుంది, కింద గది చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది.

నడిచే చోట్లు వేరు. పాత ఇళ్ళలో ఎర్ర గచ్చు చూసి మనం ఎర్రరంగు వేయిస్తాం కానీ, అది రంగు వేసిన నేల కాదు. ఎర్ర పొడిని సిమెంటులోనే కలిపి పూసి రుద్దిన నేల. పైన పొర లేదు కాబట్టి పెచ్చులు లేవదు. లోపలి నేలకు రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ గట్టిది. కానీ ఎండ తగిలితే పసుపెక్కి పొడిబారుతుంది, నేల కింద తడి ఉంటే లేచిపోతుంది. బయటి మెట్లకు రంగు వెయ్యక తప్పదనుకుంటే సిమెంటు నేలల కోసమే చేసినది తీసుకుని, పచ్చిగా ఉండగానే జల్లించిన పొడి ఇసుక చల్లించండి. కాలికి పట్టు ఉంటుంది.

"మరి మన మెట్లకు ఏది వేద్దాం?" అని మేస్త్రిని అడిగాను. "ఏదీ వద్దండి" అన్నాడు. రంగంతా తీసేసి, పైన పలచగా సిమెంటు పూసి, అది పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు గీశాడు. పక్కన పట్టుకోవడానికి ఇనప గొట్టం పెట్టించాం. నెల తిరిగాక ప్రతి మెట్టు అంచునా రెండంగుళాల వెడల్పున ఇసుక కలిసిన తెల్లరంగు పట్టీ వేశాడు. అమ్మకు చూపు మందగించింది. మెట్టు ఎక్కడ అయిపోతుందో ఆ పట్టీ చూపిస్తుంది.

సున్నం కొట్టిన సమాధుల గురించి ప్రభువు చెప్పిన మాట మీకు తెలుసు. పైకి అందం, లోపల ఎముకలు. యూదులు పస్కాకు ముందు సమాధులకు సున్నం వేసేది అందం కోసం కాదు. యాత్రకు వచ్చేవారు తెలియక తగిలి మైలపడకుండా, ఇక్కడ జాగ్రత్త అని చూపడానికి. నేను మెట్టు మీద రంగును కప్పిపుచ్చడానికి వాడాను. మేస్త్రి వేసిన రెండంగుళాల పట్టీ, చూసుకుని దిగమని అమ్మకు చెబుతోంది. ఆ తేడా నాకు ఇంత ఆలస్యంగా అర్థమైంది.

ఈ పండక్కి మా మెట్లు బోసిగానే ఉంటాయి. వచ్చినవాళ్ళు అడిగితే చెబుతాను. మేస్త్రి మళ్ళీ వస్తున్నాడు. కాకపోతే ఇప్పుడు గోడ వారన కాదు, తలుపు పక్కన కూర్చుంటున్నాడు. ఎందుకని నేను అడగలేదు. మీరు రంగులు వేయించేటప్పుడు మీ మేస్త్రి వద్దంటే ఒక్క నిమిషం ఆగి ఎందుకో అడగండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పుల్లేకుండా ఎక్కడెక్కడ నడుస్తారో చూడండి. మీ మాట వల్ల, లేదా మీరు ఊరుకున్నందువల్ల ఎవరి చోటైనా ఖాళీ అయిందేమో కూడా చూడండి.

ప్రభువా, మా ఇళ్ళలో ఎవరి కాలూ జారకుండా కాపాడు. మా వల్ల పడినవాళ్ళ దగ్గరికి మేమే వెళ్ళే ధైర్యం ఇయ్యి. మేము కప్పిన వాటిని నువ్వు గీకేటప్పుడు ఓర్చుకునే మనసు ఇయ్యి. ఆమేన్.